పానగల్ శాసనం నుంచి పఠన మందిరం దాకా: మనవాళ్ళ పుస్తకాల ముచ్చట

పానగల్ అనగానే మన జిల్లావాళ్ళకు పచ్చల సోమేశ్వరాలయమూ, ఛాయా సోమేశ్వరాలయమూ, వాటి పక్కన పేరుకు తగ్గట్టు సముద్రంలా పరుచుకున్న ఉదయసముద్రం చెరువూ గుర్తుకొస్తాయి. (వనపర్తి వైపు గుట్ట మీద కోట ఉన్న పానగల్ వేరు. రెండూ ఒకటేననుకొని బస్సెక్కినవాళ్ళు లేకపోలేదు.) కందూరు చోడుల కాలంలో మన పానగల్ రాజధానిగా ఉండేది. నేడు నల్లగొండ పట్టణంలో దాదాపుగా కలిసిపోయింది. ఆ చెరువు నీళ్ళే పట్టణానికి తాగునీళ్ళు. ఇదంతా బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతే.

అంతగా తెలియని సంగతి ఒకటున్నది. ఈ చెరువుకు సంబంధించి గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు శాసనం ఒకటి కలదు. అందులో అరబీ లిపిలో ఒక పాఠమూ, తెలుగులో ఒక పాఠమూ ఉన్నాయి. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖకు డైరెక్టరుగా పనిచేసిన గులాం యజ్దానీ గారు దీన్ని పండితలోకానికి తెలియజేశారు. శాసనాన్ని ఎవరూ ఆనందం కోసం చదవరు, ఆ మాట నిజమే. కానీ రాయించినవాళ్ళు ఒక్క విషయం ఆలోచించారు: దీన్ని చదివేది ఎవరు? తమకు వచ్చిన లిపిలో మాత్రమే చెక్కించి ఊరుకోవచ్చును. అట్లా చేయలేదు. చెరువు కింద సేద్యం చేసేవాడికి ఊరి కరణం చదివి వినిపించాలంటే అది తెలుగులో ఉండాలి గదా. పుస్తకాల ముచ్చట మొదలుపెట్టడానికి మాకు ఈ రాయికంటే మంచి చోటు కనిపించలేదు.

ఇబ్రహీం కుతుబ్‌షా 1550లో గద్దెనెక్కే ముందు అన్నగారికి భయపడి ఏడు సంవత్సరాలు విజయనగరంలో తలదాచుకున్నాడు. అక్కడ తెలుగు పద్యం రుచి మరిగాడు. తర్వాత 1580లో చనిపోయేదాకా గోలకొండ దర్బారులో ఫార్సీ కవులతో పాటు తెలుగు కవులూ కూర్చున్నారు. వాళ్ళు ఆయన పేరును కూడా తెలుగు చేసి మల్కిభరాముడు అన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ సుల్తాను కొలువులోని అమీన్‌ఖాన్ అనే అధికారి పటాన్‌చెరువులో ఉండేవాడు. పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రమును ఆయనకు అంకితం చేశాడు. సంస్కృత పదాలు కలపకుండా అచ్చతెనుగులో రాసిన తొలి కావ్యం అదేనని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. తెలుగులో అచ్చతెనుగు కావ్యం పుట్టినప్పుడు దాన్ని అందుకొన్న చేతులు ఒక ఖాన్ సాబువి! ఈ సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంగా వచ్చి మాయమైపోతుంది. వాళ్ళకు మార్కు వస్తుంది గాని ముచ్చట తెలియదు.

గమనించవలసిందేమంటే, సుల్తానుకు తెలుగు కావ్యం వినకపోతే పోయేదేమీ లేదు. దర్బారు నడవడానికి ఫార్సీ చాలు. విన్నాడంటే ఇష్టపడి విన్నాడు.

ఆ కుతుబ్‌షాహీల కాలంలోనే అబ్దుల్లా కుతుబ్‌షా ఆస్థానంలో గవ్వాసీ అనే కవి దఖనీ భాషలో తూతీనామా రాశాడు, 1639లో. యజమాని ఊళ్ళో లేనప్పుడు ఇల్లాలు గడప దాటకుండా రాత్రికొక కథ చెప్పి ఆపే చిలుక కథ అది. ఆ చిలుక మన దేశపు సంస్కృత కథల్లోంచి ఫార్సీలోకి ఎగిరి, ఫార్సీలోంచి మళ్ళీ దక్కనుకు వచ్చి వాలింది. తెలుగులో పాలవేకరి కదిరీపతి రాసిన శుకసప్తతిలో ఉన్నదీ ఆ చిలుకే. ఒక ఇంట్లో తూతీ, పక్కింట్లో చిలుక. చెప్పే కథలు ఒకే కోవవి. ఆ కథల్లో అన్నీ పెద్దల ముందు చదవదగినవి కావు, అది కూడా ఒప్పుకోవలసిందే. అందుకే మన వివాదం ఇక్కడే మొదలవుతుంది.

మన సంఘం తరఫున పఠన మందిరం నెలకొల్పాలని కార్యవర్గం తీర్మానించిన సంగతి సభ్యులకు తెలిసినదే. గది దొరికింది, రెండు అల్మారాలు ఒక దాత ఇప్పించారు. తీరా పుస్తకాలు కొనే దగ్గర తకరారు వచ్చింది. దీనీ కితాబులు చాలునని కొందరు పెద్దలన్నారు. ఉద్యోగ పరీక్షల గైడ్లు, ఇంగ్లీషు గ్రామర్లు తప్ప మిగతావన్నీ దండగేనని కొందరు తండ్రులన్నారు. “కథలు, నవలలు పెడితే పిల్లలు ఖరాబైతరు” అని ఒక చాచా అంటే, “పెట్టకపోతే అసలు గదిలకే రారు చాచా” అని ఒక యువకుడన్నాడు. ఎవరి మాటా తీసిపారేయదగినది కాదు. అయితే ఈ తగాదా మనతో మొదలైంది కాదు, వెయ్యేళ్ళ పైబడి నడుస్తున్నది. అది ఎట్లా నడిచిందో కొంచెం తెలుసుకుంటే నిర్ణయం సులువవుతుందని మా ఆశ.

బగ్దాదు నగరంలో పదో శతాబ్దంలో ఇబ్న్ నదీమ్ అనే పుస్తకాల వ్యాపారి ఉండేవాడు. ఆ రోజుల్లో అచ్చుయంత్రం లేదు, చేతిరాత ప్రతులు రాయించి అమ్మేవాళ్ళను వర్రాఖ్ అనేవారు. ఇబ్న్ నదీమ్ ఆ కుటుంబంవాడు. తనకు తెలిసిన అరబీ పుస్తకాలన్నింటికీ ఆయన ఒక పెద్ద జాబితా తయారుచేశాడు. దాని పేరు ఫిహ్రిస్త్. మన దఫ్తర్లలో వాడే ఫేరిస్తు అన్న మాట ఇదే. ఖురాను శాస్త్రాలు, వ్యాకరణం, చరిత్ర, కవిత్వం, న్యాయశాస్త్రం, వైద్యం అన్నీ అయిన తర్వాత రాత్రిపూట చెప్పుకునే కథల పుస్తకాలకు కూడా ఒక భాగం కేటాయించాడు. అక్కడ హజార్ అఫ్సాన్ అనే పాత ఇరానీ కథల పుస్తకం ప్రస్తావన వస్తుంది. అది పసలేని మోటు పుస్తకమని ఆయన అభిప్రాయం. అయితే దాన్ని పూర్తిగా ఒకటికి నాలుగుసార్లు చూశానని కూడా తనే రాసుకున్నాడు! పసలేని పుస్తకాన్ని అన్నిసార్లు ఎందుకు చూసినట్టు? మాకు ఆ పెద్దమనిషి మీద గౌరవం అక్కడే పెరిగింది. నచ్చలేదని చెప్పాడు, కానీ జాబితాలోంచి తీసేయలేదు. ఆ కథల గుత్తి నుంచే తర్వాత్తర్వాత అల్ఫ్ లైలా, అంటే మనం వెయ్యిన్నొక్క రాత్రులు అనే పుస్తకం పెరిగింది.

ఆయనకు నూరేళ్ళ ముందు బస్రాలో జాహిజ్ అనే మహా రచయిత ఉండేవాడు. 868 ప్రాంతంలో గతించాడు. కొనడానికి డబ్బు లేక పుస్తకాల దుకాణాలను రాత్రిపూటకు అద్దెకు తీసుకొని తెల్లవార్లూ లోపల చదువుకునేవాడట. చివరకు పుస్తకాల దొంతర మీద పడి చనిపోయాడని కూడా చెప్పుకుంటారు. అది కట్టుకథే కావచ్చు, కానీ ఇటువంటి కట్టుకథ ఎవరి మీద పడితే వాళ్ళ మీద పుట్టదు.

ఇక మన దేశానికి, మన ఇళ్ళల్లోకి వద్దాం. డిప్యూటీ నజీర్ అహ్మద్ పేరు వినని ఉర్దూ ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. ఆయనది ఉత్తరాది అయినా మనకు పరాయివాడు కాదు. సాలార్‌జంగు పిలుపు మీద 1877లో హైదరాబాదు రాజ్యానికి వచ్చి కొన్నేళ్ళు పెద్ద ఉద్యోగం చేశాడు. ఆయనకు కూతుళ్ళుండేవారు. వాళ్ళు చదవదగిన పుస్తకం ఉర్దూలో ఒక్కటీ కనబడకపోతే తానే రాయడం మొదలుపెట్టాడు. రోజూ కొన్ని పేజీలు రాసి ఇచ్చేవాడు. పిల్లలు అవి పూర్తిచేసి మిగతావి ఏవని అడిగేవారు. అదే మిరాతుల్ ఉరూస్. గయ్యాళి అక్బరీ, గడుసరి అస్గరీ అనే అక్కచెల్లెళ్ళ కథ. 1869లో అచ్చయింది, సర్కారువారు వెయ్యి రూపాయల బహుమానం కూడా ఇచ్చారు. నీతి చెప్పడానికే రాసిన మాట వాస్తవం. కానీ బహుమానం కంటే ముందు వచ్చింది పిల్లల తొందర. తర్వాతి పేజీలు కావాలని అడిగిన ఆ ఆడపిల్లలు లేకపోతే ఆ పుస్తకం అంతగా సాగేది కాదేమో.

అదే నజీర్ అహ్మద్ 1870లలో తౌబతున్నసూహ్ అనే మరొక నవల రాశాడు. నసూహ్ అనే గృహస్థుకు కలరా వచ్చి, చావు అంచుల దాకా వెళ్ళి, కలలో తీర్పుదినం చూసి, మేలుకొని ఇంటిని చక్కదిద్దాలని పూనుకుంటాడు. చిన్నవాళ్ళు మాట వింటారు. పెద్దకొడుకు కలీమ్ వినడు. కవిత్వమూ, చదరంగమూ, మిత్రులూ అతని లోకం. కొడుకు ఇల్లు వదిలిపోయిన తర్వాత తండ్రి అతని గదిలోని పుస్తకాలు చూసి, ఇవన్నీ చెడగొట్టేవేనని తగలబెట్టిస్తాడు. అంతకుముందే, భార్యకు షేఖ్ సాదీ గులిస్తాన్ నేర్పినప్పుడు కొన్ని చోట్ల కాగితం అంటించి కప్పిన ముచ్చట కూడా అందులో ఉన్నది. మన పెద్దలు మక్తబ్‌లో కరీమా తర్వాత గులిస్తానే చదివేవారు. ఆ గులిస్తానే తప్పించుకోలేదు, మిగతావెంత!

రచయిత తండ్రి పక్షాన నిలబడి రాశాడనడంలో సందేహం లేదు. కానీ చదివినవాళ్ళకు గుర్తుండేది కలీమే. అతని గది, అతని పొగరు, అతని పతనం రాసేటప్పుడు నజీర్ అహ్మద్ కలం వేగంగా నడిచింది. కాల్చవలసిన పుస్తకాల మీద ఆయనకే ఎంతో కొంత మమకారం ఉండి ఉంటుందని మా అనుమానం.

కథ ఇంతటితో ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో మౌలానా అష్రఫ్ అలీ థానవీ గారు ఆడపిల్లల చదువు కోసం బహిష్తీ జేవర్ రచించారు. ఇంటింటికీ చేరిన పుస్తకం. పెళ్ళికూతురి వెంట సారెతో పంపేవాళ్ళం. మన అమ్మమ్మల కాలంలో ఖురాన్ షరీఫ్ తర్వాత గుడ్డలో చుట్టి అటక మీద భద్రంగా పెట్టేది దీన్నే. అందులో చదవదగిన పుస్తకాలకొక పట్టికా, హాని చేసే పుస్తకాలకొక పట్టికా ఉన్నాయి. హాని చేసే పట్టికలో నజీర్ అహ్మద్ గారి మిరాతుల్ ఉరూస్ కూడా చేరింది! కొన్ని చోట్ల మంచి బుద్ధులున్నా, కొన్ని చోట్ల దీన్‌ను బలహీనపరిచే సంగతులున్నాయని మౌలానాగారి అభిప్రాయం. కొడుకు పుస్తకాలు తండ్రి చేత కాల్పించిన రచయిత పుస్తకమే ఒక తరం గడిచేసరికి వద్దన్న పుస్తకాల్లో పడింది.

పెద్దల సదుద్దేశాన్ని మేము శంకించడం లేదు. మౌలానాగారు ఆడపిల్లలకు చదువే వద్దనే రోజుల్లో చదువు కావాలన్నవారు. ఆ మేలు చిన్నది కాదు. మేము చెప్పదలచినది ఒక్కటే. పట్టిక తయారుచేసినవాళ్ళందరూ పుస్తకాలు బాగా చదివినవాళ్ళే. చదవకుండా పట్టిక రాయలేరు గదా! మన పిల్లలకు మాత్రం పట్టిక ఒక్కటే చేతికిచ్చి, చదివి తేల్చుకునే శక్తి ఇవ్వకపోతే ఏం లాభం? నసూహ్ కాల్పించినవి చదివి చూస్తేగదా అతను చేసింది సబబో కాదో తెలిసేది.

పండితుల పట్టికలు ఒకవైపు నడుస్తుండగా, ఇళ్ళల్లో రాత్రిళ్ళు వేరే లోకం నడిచేది. చహార్ దర్వేష్, హాతింతాయి, గుల్ బకావలీ. వీటిలో నాలుగు ఫకీర్ల కథను బాగ్-ఒ-బహార్ పేరుతో మీర్ అమ్మన్ తేలిక ఉర్దూలో రాసింది కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, కంపెనీ దొరలకు భాష నేర్పడానికి. అంటే అది పాఠ్యపుస్తకం! దొరలు పరీక్ష రాసి వెళ్ళిపోయారు, పుస్తకం మన నానీమాల నోట కథగా బతికింది. గుల్ బకావలీ కథను మస్నవీగా రాసి పేరు తెచ్చుకున్నది కాశ్మీరీ పండితుడు దయాశంకర్ నసీమ్. అదే కథ తెలుగులో గులేబకావళిగా నాటకమైంది, 1962లో సినిమా కూడా అయింది. లక్నోలో మున్షీ నవల్ కిషోర్ గారి ముద్రణాలయం ఖురాను ప్రతులతో పాటు తిలిస్మ్-ఎ-హోష్‌రుబా సంపుటాలను కూడా అచ్చువేసి దేశమంతా పంపింది. ఇంట్లో ఒక్కరికి చదవడం వస్తే చాలు, పదిమంది వినేవారు. లాంతరు నూనె అయిపోతుందని దాదీమా కోప్పడితే, ఈ ఒక్క ఫకీరు కథ అయిపోనీ అని బతిమాలుకునేవారు. ఇక్కడ ఎంపిక చేసింది ఏ కమిటీ కాదు. వినేవాళ్ళు కూర్చున్నంత సేపు కథ నిలిచింది, లేచిపోయినప్పుడు పోయింది.

హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా గారి వంటి విదుషీమణులు స్త్రీల కోసం పత్రిక నడిపి, నవలలు రాసి, బడి పెట్టారు. వారిని గురించి వేరుగా ఒక వ్యాసమే రాయాలి. ఇప్పుడు తెలుగు వైపు ఒక చూపు.

నిజాం రాజ్యంలో చదువంతా ఉర్దూలో. ఉర్దూ మన ఇంటి భాష కావడం వల్ల మనకు కష్టం తెలియలేదు గాని, జనాభాలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. వాళ్ళ భాషకు బడిలో చోటు తక్కువ. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం ముందుగా అనుమతి కావాలి. దీన్ని మనం దాచవలసిన పని లేదు. పుస్తకం మీద అనుమానం ఏ సర్కారుకైనా తగనిదే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారు, తర్వాత జిల్లాల్లో చిన్న చిన్న గ్రంథాలయాలు పెట్టినవారు ఇటువంటి స్థితిలోనే ఆ పని చేశారు. 1922లో మన నల్లగొండ నుంచే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక నడిపారు. ఆయన ఇంటిపేరు చూడండి, రాత్రి జరిగిన విషయాలు రాసే ఫార్సీ కొలువు పేరు అది. పాలమూరు వైపునుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు.

వీరందరిలో పుస్తకాన్ని మోసుకొని తిరిగిన మనిషి మాత్రం వట్టికోట ఆళ్వారుస్వామి. నకిరేకల్ ప్రాంతంవాడు, 1915లో పుట్టాడు. పేదరికం వల్ల ఇళ్ళల్లో వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నాడు. హోటల్లో పనిచేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి ముప్పైకి పైగా పుస్తకాలు వెలువరించాడు. వేయడంతో ఊరుకోలేదు. వాటిని సంచిలో పెట్టుకొని ఊరూరా, సభసభకూ తిరిగి అమ్మాడు. జైలుకు పోయాడు. ప్రజల మనిషి అనే నవల రాశాడు. 1961లో కన్నుమూశాడు. వంటింట్లో పొయ్యి దగ్గర చదువు మొదలుపెట్టినవాడికి ఏ మాస్టరు పట్టిక ఇచ్చాడు? దొరికింది చదివాడు, నచ్చింది మళ్ళీ చదివాడు, బాగున్నది పదిమందికి అమ్మాడు.

మరొక సంగతి చిత్రమైనది. ఉర్దూను బడిలో బలవంతాన చదివిన తెలుగువాళ్ళలో కొందరు దాన్ని ప్రేమించారు. దేవరకొండలో 1931లో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించి, తర్వాత హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు గారు పారశీక వాఙ్మయ చరిత్ర రాశారు. నిజాం మీద నిప్పులు కురిసే పద్యాలు చెప్పి జైలుకు వెళ్ళిన దాశరథి కృష్ణమాచార్యులు గారు గాలిబ్‌ను తెలుగు చేసి 1961లో గాలిబ్ గీతాలుగా ఇచ్చారు. రాజు మీద కోపం గాలిబ్ మీదికి పోలేదు. అటు నెల్లూరు సీమలో దువ్వూరి రామిరెడ్డి గారు ఫార్సీ నేర్చి ఖయ్యామును పానశాలగా తెచ్చారు. పిఠాపురంలో మన ఉమర్ అలీషా గారు తెలుగు పద్యంలో మహాకవి అనిపించుకొని ఖయ్యామును తానూ తెలుగు చేశారు. వీటివల్ల ఎవరికీ ఉద్యోగం రాలేదు, ప్రమోషను రాలేదు. ఇష్టం వల్ల జరిగిన పని ఇది.

స్వాతంత్ర్యం తర్వాతి కాలం సభ్యుల్లో చాలామందికి స్వయంగా తెలుసు. 1947 జూలైలో చందమామ వచ్చింది. ఉర్దూ పిల్లలకు ఢిల్లీ నుంచి ఖిలౌనా వచ్చేది. పెద్దలకు షమా. ఇక 1952లో అలహాబాదు నుంచి జాసూసీ దునియా మొదలైంది. రచయిత ఇబ్నే సఫీ. అశ్లీలం ఉంటే తప్ప ఉర్దూలో పుస్తకం అమ్ముడుపోదని మిత్రుల్లో ఎవరో అంటే, కాదని చూపించడానికే ఆయన ఈ పనికి పూనుకున్నాడని చెబుతారు. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్, తర్వాత ఇమ్రాన్. నెలనెలా కొత్తది ఎప్పుడొస్తుందా అని బుక్‌స్టాలు దగ్గర కాచుకునేవాళ్ళు. ఆయన దేశం మారి కరాచీ వెళ్ళినా, 1980లో చనిపోయినా, పుస్తకం ఇక్కడ ఆగలేదు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌కూ, మధుబాబు గారి షాడోకూ ఇదే మర్యాద. అద్దె పుస్తకాల దుకాణాల్లో రోజుకింతని ఇచ్చి తెచ్చుకొని, పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టుకొని చదవడం మన పట్టణాల్లో ఒక తరం మొత్తం చేసిన పని. అబ్బాజాన్ చూస్తే వీపు పగిలేది. ఆ చదివినవాళ్ళే ఇప్పుడు మా కార్యవర్గంలో నవలలు వద్దంటున్నారు, అల్లా వారిని చల్లగా చూడుగాక!

నవ్వులాట పక్కన పెడితే, అసలు బాధ వేరే ఉన్నది. ఖిలౌనా 1980లలోనే ఆగిపోయింది. షమా 1999లో పోయింది. తెలుగు చందమామ కూడా 2012 ప్రాంతంలో ఆగింది. మన ఇళ్ళల్లో తాతగారి ట్రంకుపెట్టెలున్నాయి. వాటి నిండా ఉర్దూ కితాబులు. మనవలు చదివేది తెలుగు మీడియమో ఇంగ్లీషు మీడియమో. పెట్టె తెరిస్తే వాళ్ళకు ఒక్క వరుస తెలియదు. తాత పోయిన తర్వాత ఇల్లు సర్దేటప్పుడు పాత కాగితాలవాడిని పిలిచి కిలోల లెక్కన తూచి ఇచ్చేస్తున్నారు. ఇటువంటి పెట్టెలు తూకానికి పోవడం మేము కళ్ళారా చూశాము. ఎవరు ఏమి చదివారో, అంచున పెన్సిలుతో ఏమి రాసుకున్నారో, అదంతా తక్కెట్లోకి పోయింది. పుస్తకాలు కాల్పించిన నసూహ్ కనీసం ఒక్కొక్కటి తెరిచి చూశాడు. మనం చూడకుండానే పంపిస్తున్నాము.

దీనికి ఒక దారి ఉన్నదని మా నమ్మకం. మన పిల్లలు చాలామంది ఖురాన్ షరీఫ్ నాజిరా చదువుతారు, అంటే అరబీ అక్షరాలు చూసి ఉచ్చరించడం వచ్చు. ఉర్దూకు కావలసిన కొత్త అక్షరాలు పే, టే, చే, డాల్, గాఫ్ వంటివి కొన్నే. రెండో అడ్డంకి జేర్, జబర్ గుర్తులు. ఖురానులో ఉంటాయి, మామూలు ఉర్దూ పుస్తకంలో ఉండవు. మాట ముందే తెలిసి ఉంటే తప్ప చదవలేం. ఆ మాటలు పిల్లలకు తెలుసు, ఇంట్లో మాట్లాడేది అవే గదా! కాబట్టి కావలసింది వ్యాకరణం పుస్తకం కాదు. తర్వాత ఏమైందో తెలుసుకోవాలని వేలితో వరుస కింద వరుస పట్టుకొని పోయేలా చేసే కథ. నజీర్ అహ్మద్ గారి కూతుళ్ళు అడిగినట్టు మన పిల్ల మిగతా పేజీలేవని అడగాలి. తెలుగు సంగతి కూడా ఇంతే. మార్కుల కోసం పద్యం బట్టీ పట్టినవాడు పరీక్ష హాలు బయటనే దాన్ని వదిలేస్తాడు.

సెల్‌ఫోను వచ్చిన తర్వాత ఎవరు చదువుతారని కొందరు అడుగుతున్నారు. పాత ఉర్దూ పుస్తకాలు ఎన్నో ఇప్పుడు రేఖ్తా వంటి చోట్ల ఫోనులోనే ఉచితంగా దొరుకుతున్నాయి. కాబట్టి ఫోనును మేము శత్రువుగా చూడటం లేదు. కానీ పదేళ్ళ పిల్లవాడు అందులో గులిస్తాన్ వెతుక్కుంటాడని ఆశించడం అమాయకత్వం. కంటికి ఎదురుగా అట్ట కనిపించాలి. పక్కవాడు చదువుతూ నవ్వాలి. ఎందుకు నవ్వాడని చూడాలి.

ఇన్ని విధాల ఆలోచించిన మీదట కార్యవర్గంలో కుదిరిన రాజీ ఇది. ఒక అల్మారాలో సగం దీనీ కితాబులు, సగం పరీక్షల పుస్తకాలు. రెండో అల్మారా మొత్తం కథలకూ, కవిత్వానికీ, చరిత్రకూ, ప్రయాణాలకూ, ఉర్దూ తెలుగు రెండింటిలోనూ. ఆ అల్మారాకు తాళం ఉండదు. చిన్నపిల్లలకు తగనివి పై అరలో ఉంటాయి, ఆ మాత్రం జాగ్రత్త పెద్దల మాట మీద పెట్టుకున్నాము. పుస్తకం తీసుకున్నవారి పేరూ తేదీ రిజిస్టరులో రాసుకుంటాము. చదివి ఏం నేర్చుకున్నావని అడగము. పది పేజీలు చదివి నచ్చక తిరిగి తెచ్చినా అడగము, ఇంకొకటి తీసుకోవచ్చు. అన్నింటికంటే మొదట గైడ్లే అరిగిపోతాయని కొందరు మిత్రులు పందెం కాస్తున్నారు. చూద్దాం.

అసర్ నమాజు నుంచి ఇషా దాకా గది తెరిచి ఉంటుంది. ఆడపిల్లలకూ, స్త్రీలకూ ఆదివారం పొద్దుటిపూట వేరుగా ఏర్పాటు చేశాము. ఇంట్లో ట్రంకుపెట్టెలున్న సభ్యులు కాగితాలవాణ్ణి పిలిచే ముందు ఒక్కమాట మాకు కబురుపెట్టవలసిందిగా మనవి, మేమే వచ్చి తీసుకుపోతాము. మిరాతుల్ ఉరూస్, బహిష్తీ జేవర్ రెండూ పక్కపక్కనే పెట్టదలచాము, మంచి ప్రతులు కావాలి. జాసూసీ దునియా పాత సంచికలు ఎవరి దగ్గరున్నా ఇప్పించగలరు. అట్ట చిరిగినా పరవాలేదు, చివరి పేజీ ఉంటే చాలు.